రెండు నీళ్ళ నడుమ నేల: దివిసీమ దీవులు – సముద్రాభివృద్ధి ప్రణాళికల భాషపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సముద్రం ఆధారంగా సుస్థిరాభివృద్ధి సాధించాలనే ఆలోచన చిన్న ద్వీపదేశాల వేదికల మీద బలపడి, భారతదేశంలో ‘నీలి ఆర్థిక వ్యవస్థ’ అనే పేరుతో విధాన పత్రాలలోకి వచ్చింది. కృష్ణానది సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమ దీవులను ఉదాహరణగా తీసుకొని, ఈ పత్రాల భాషను, వాటి విభజన పద్ధతిని ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. నదిని ఒక పద్దులోను, సముద్రాన్ని వేరొక పద్దులోను రాసే పద్ధతి ఈ దీవుల ఉనికికే ఆధారమైన సంబంధాన్ని తెంచుతున్నదని, ఆ సంబంధాన్ని తెలుగు స్థలనామాలు, వాడుకపదాలు ఇప్పటికీ నిలిపి ఉంచాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దివిసీమ, ఎదురుమొండి, నీలి ఆర్థిక వ్యవస్థ, తీర నియంత్రణ మండలి, మడ అడవులు, కృష్ణాజలాలు, స్థలనామాలు.

1. ఉపోద్ఘాతం

విజయవాడ దాటిన తరువాత కృష్ణానది ఆగ్నేయంగా సాగి, అవనిగడ్డ సమీపంలోని పులిగడ్డ వద్ద పాయలుగా చీలుతుంది. ఆ పాయలకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న భూభాగమే దివిసీమ. పాతకాలపు దివి తాలూకాలోని ఈ ప్రాంతం నేడు కృష్ణాజిల్లాలో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మొదలైన మండలాలుగా ఉంది. దాని దక్షిణపు అంచున, నది సముద్రంతో కలిసేచోట, మరికొన్ని చిన్న దీవులు ఉన్నాయి. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ వాటిలో ముఖ్యమైనవి. అక్కడి ప్రజలకు ఆసుపత్రి, కళాశాల, సంత, మండల కార్యాలయం అన్నీ ఏటికి ఇవతల ఉన్నాయి. పంటు మీదనో, పడవ మీదనో ఏరు దాటి రావడం తరతరాల అనుభవం. ఎదురుమొండికి వంతెన కావాలన్న కోరిక దశాబ్దాల నాటిది.

ద్వీపం అనగానే లక్షద్వీపాలు, అండమాన్, మారిషస్ గుర్తుకు రావడం సహజం. తీరానికి ఆనుకొని, నదీముఖంలో ఉన్న ఇటువంటి దీవులు ఆ జాబితాలో చేరవు. జిల్లా పటంలో అవి మండలాలు, అటవీశాఖ పటంలో అభయారణ్యం, సాగునీటి పటంలో ఆయకట్టు చివరి భాగం, సముద్ర విధాన పత్రాలలో తీరరేఖ. ఒక్కొక్క పటంలో ఒక్కొక్క ముక్కగా కనిపించే నేలకు సమగ్రమైన ప్రణాళిక ఎట్లా సాధ్యమన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

2. ద్వీపశబ్దంలోని రెండు నీళ్ళు

‘దీవి’ అనేది సంస్కృత ‘ద్వీప’ శబ్దానికి తద్భవం. ‘ద్వి’, ‘అప్’ అనే రెండు పదాల నుంచి ‘ద్వీప’ శబ్దాన్ని వ్యాకరణ సంప్రదాయం సాధిస్తుంది. రెండు వైపుల నీరు కలది అని దాని అర్థం. నాలుగు వైపుల సముద్రం ఉన్న భూభాగమనే నేటి పాఠ్యపుస్తక నిర్వచనం కంటే ఈ వ్యుత్పత్తి దివిసీమకు బాగా సరిపోతుంది. ఇక్కడ ఒకవైపు నీరు నదిది, మరొకవైపు నీరు సముద్రానిది. ఒకటి తియ్యనిది, మరొకటి ఉప్పునిది. ఒకటి వండలిని తెచ్చి నేలను పెంచితే, మరొకటి అలలతో, ఆటుపోట్లతో ఆ నేలను కోస్తుంది. దీవి నిలబడడమంటే ఈ రెండింటి మధ్య సమతూకం నిలబడడమే.

ఈ ప్రాంతపు ఊళ్ళ పేర్లను వరుసగా చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. హంసలదీవి, అడవులదీవి అనే పేర్లలో దీవి ఉంది. ఈలచెట్లదిబ్బ, లంకెవానిదిబ్బ అనే పేర్లలో దిబ్బ, పాలకాయతిప్పలో తిప్ప, నాచుగుంటలో గుంట, సొర్లగొందిలో గొంది ఉన్నాయి. నది ఎగువకు పోతే లంకలు మొదలవుతాయి. ఇవన్నీ నేలకూ నీటికీ ఉన్న సంబంధాన్ని బట్టి పుట్టిన పదాలు. దిబ్బ అంటే మిట్ట, గుంట అంటే పల్లం. తిప్ప ఏటి నడుమనో, ఏటి వెంబడినో మేట వేసిన నేల. విధాన పత్రాలలో వీటన్నిటికీ కలిపి ‘తీరప్రాంతం’ అనే ఒక్క మాట మిగులుతుంది. ఈ మార్పువల్ల నష్టపోయేది భాషాసౌందర్యం మాత్రమే కాదు. ఏ నేల ఎత్తుగా ఉంది, ఏ దారిన నీరు వస్తుంది, ఏది కొత్తగా మేట వేసింది అనే సమాచారం కూడా పోతుంది.

తీరం కదులుతుందనడానికి చరిత్రలో సాక్ష్యాలున్నాయి. టాలెమీ పేర్కొన్న ‘కంటకోస్సిల’ను పండితులు ఘంటసాలగా గుర్తించారు. ప్రాచీనకాలంలో విదేశీ వర్తకంతో సంబంధమున్న ఆ బౌద్ధకేంద్రం నేడు సముద్రానికి దూరంగా పొలాల నడుమ ఉంది. నది తెచ్చిన మట్టితో డెల్టా ముందుకు పెరుగుతూ వచ్చింది. ఇప్పటి సమస్య అందుకు విరుద్ధమైనది.

3. ‘నీలి ఆర్థిక వ్యవస్థ’: ఏడు శీర్షికలు

చిన్న ద్వీపదేశాల సుస్థిరాభివృద్ధిపై ఐక్యరాజ్యసమితి మొదటి ప్రపంచ సమావేశం 1994లో బార్బడోస్‌లో జరిగింది. తరువాత 2005లో మారిషస్‌లో, 2014లో సమోవాలో, 2024లో ఆంటిగ్వా – బార్బుడాలో ఆ చర్చ కొనసాగింది. ఈ క్రమంలో ఆ దేశాలు తమను ‘చిన్న ద్వీపాలు’గా కాక ‘పెద్ద సముద్ర రాజ్యాలు’గా చెప్పుకోవడం మొదలుపెట్టాయి. మారిషస్ భూభాగం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు కాగా, దాని ప్రత్యేక ఆర్థిక సముద్రమండలం సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. కాబట్టి ఆ పేరుమార్పు కేవలం అలంకారం కాదు. సముద్రంపై తమ హక్కును, బాధ్యతను కలిపి చెప్పడానికి వారు ఎన్నుకున్న మాట.

భారతదేశంలో ప్రధానమంత్రి ఆర్థిక సలహామండలి 2020లో రూపొందించిన నీలి ఆర్థిక విధాన ముసాయిదాను, భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2021 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. ఆ ముసాయిదా ఏడు అంశాలను గుర్తించింది. జాతీయ గణాంక చట్రం, సముద్రపాలన మొదటిది. తీర – సముద్ర ప్రాదేశిక ప్రణాళిక, పర్యాటకం రెండవది. సముద్ర మత్స్యసంపద, ఆక్వాసాగు, చేపల శుద్ధి మూడవది. తయారీ రంగం, కొత్త పరిశ్రమలు, వాణిజ్యం, సాంకేతికత, సేవలు, నైపుణ్యాభివృద్ధి నాలుగవది. రవాణా, మౌలిక వసతులు, నౌకాయానం అయిదవది. తీర, లోతు సముద్ర గనులు, సముద్రగర్భ ఇంధనం ఆరవది. భద్రత, వ్యూహం, అంతర్జాతీయ సంబంధాలు ఏడవది.

ఈ వరుసలో రెండు విషయాలు గమనింపదగినవి. మొదటిది, ప్రణాళిక అనే మాట పర్యాటకంతో జతకట్టి ఒకే శీర్షిక కింద రావడం. సముద్రాన్ని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు వాడుకోవాలన్నది ప్రణాళిక ప్రశ్న. పర్యాటకం ఆ వాడకాలలో ఒకటి మాత్రమే. నిర్ణయించే పద్ధతిని, నిర్ణయం కోరే పక్షాలలో ఒకదానిని ఒకే పంక్తిలో కూర్చోబెడితే మిగిలిన పక్షాల స్థానం బలహీనపడుతుంది. రెండవది, ఏడు శీర్షికలలో ఎక్కడా నది లేదు. తుపాను కూడా లేదు. లోపలి వివరణలలో పర్యావరణ ప్రస్తావనలు రావచ్చు. కానీ శాఖల పని, నిధుల కేటాయింపు శీర్షికలను అనుసరించి జరుగుతాయి. శీర్షిక లేని విషయానికి బాధ్యుడు కూడా ఉండడు. గంగ, గోదావరి, కృష్ణ, మహానది డెల్టాలున్న తూర్పుతీరం గురించి నది అనే మాట శీర్షికకెక్కకుండా సముద్రవిధానం రాయగలగడం ఆశ్చర్యం.

పసిఫిక్ ద్వీపదేశాలలో ‘కొండశిఖరం నుంచి పగడపు దిబ్బ వరకు’ అనే ప్రణాళికాసూత్రం ఆచరణలో ఉంది. కొండమీద చెట్టు కొడితే కొట్టుకువచ్చే మట్టి పగడాలను కప్పేస్తుందని, అందువల్ల కొండనూ సముద్రాన్నీ ఒకే ప్రణాళికలో చూడాలని ఆ సూత్రం చెబుతుంది. దివిసీమలో సమస్య తలకిందులుగా ఉంటుంది. అక్కడ మట్టి ఎక్కువగా రావడం ప్రమాదం, ఇక్కడ మట్టి రాకపోవడం ప్రమాదం. సూత్రం మాత్రం ఒక్కటే.

4. ‘సముద్రం పాలు’: నీటి పంపకపు భాష

విజయవాడ వద్ద 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజి కృష్ణాడెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాలకు నీరిచ్చాయి. ఎగువన 1967లో నాగార్జునసాగర్, తరువాత శ్రీశైలం వచ్చాయి. డెల్టా జీవనానికి ఇవి చేసిన మేలు వివాదానికి అతీతం. అయితే జలాశయంలో నీటితోపాటు వండలి కూడా ఆగుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు తదితరులు 2010లో ప్రచురించిన అధ్యయనం, ఆనకట్టల వెనుక వండలి నిలిచిపోవడానికీ కృష్ణా, గోదావరి డెల్టాల తీరం వెనక్కి జరగడానికీ ఉన్న సంబంధాన్ని నిరూపించింది. ఘంటసాలను సముద్రానికి దూరం చేసిన ప్రక్రియ ఆగి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వైపు సముద్రం జరిగే ప్రక్రియ మొదలైందని దీని సారాంశం.

నీటి పంపకాన్ని చూస్తే ఈ విషయం అంకెలలోనే కనిపిస్తుంది. బచావత్ ట్రిబ్యునల్ తీర్పు 1976లో వెలువడింది. 75 శాతం విశ్వసనీయతతో లభించే 2,060 టి.ఎం.సి.లలో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. మూడింటిని కూడితే సరిగ్గా 2,060. మిగులు శూన్యం. రాష్ట్రాల మధ్య తగవు తీర్చడమే ట్రిబ్యునల్ పని కనుక దీన్ని దాని దోషంగా చెప్పలేము. వరద ఎక్కువగా ఉన్న సంవత్సరాలలో నీరు సముద్రంలోకి పోతూనే ఉంది. కానీ ఆ నీరు కేటాయింపుగా పోవడం లేదు, పట్టలేక వదిలిన నీరుగా పోతున్నది. నదిలో కనీస ప్రవాహాలు ఉండాలన్న అంశాన్ని 2010 నాటి బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్ గుర్తించింది. ఆ తీర్పు గెజెట్ ప్రకటన మాత్రం సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగింది.

పత్రికలలో, సభలలో ఏటా వినిపించే మాట ఒకటి ఉంది: ఇన్ని టి.ఎం.సి.లు వృథాగా సముద్రం పాలయ్యాయి. ఈ వాక్యంలో ‘వృథా’ అన్న విశేషణం రైతు పక్షాన సమంజసంగానే తోస్తుంది. నదీముఖంలోని దీవుల పక్షాన చూస్తే అదే నీరు ఉప్పును వెనక్కి నెట్టే నీరు, మడచెట్టుకు ప్రాణం పోసే నీరు, రొయ్యపిల్ల పెరగడానికి తగిన ఉప్పదనాన్ని ఏర్పరచే నీరు. తెలుగులో ‘పాలు’ అంటే వాటా అని కూడా అర్థం. పాలివాడు, పాలుపంచుకోవడం అనే వాడుకలు ఆ అర్థం నుంచి వచ్చినవే. ‘సముద్రం పాలు’ అన్న పలుకుబడిని నష్టమనే అర్థంలో వాడుతున్నా, సముద్రానికి ఒక పాలు ఉందన్న అర్థం ఆ మాటలోనే ఉంది. నీటి పంపకాల లెక్కలో లేని ఈ అర్థాన్ని తిరిగి తేవడం సుస్థిర ప్రణాళికకు తొలి మెట్టు.

ఎంత నీరు అన్నదొక్కటే ప్రశ్న కాదు, ఎప్పుడు అన్నదీ ముఖ్యమే. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి వద్ద సుమారు 11.10 లక్షల క్యూసెక్కుల వరద నమోదయింది. 2024 సెప్టెంబరులో అది 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. వేసవిలో చుక్క లేక, వానకాలంలో ఒక్కసారిగా విరుచుకుపడే నది లంకలను కోస్తుంది, కరకట్టలను పరీక్షిస్తుంది. సంవత్సరపు సగటు తీసి లెక్క సరిపోయిందని చెప్పడం దీవికి ఏ మేలూ చేయదు.

5. కొలతలో రేఖ, చట్టంలో దీవి

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఇటీవలి పునర్గణనలో అది సుమారు 1,053 కిలోమీటర్లుగా తేలింది. దేశం మొత్తం తీరం 7,516 కిలోమీటర్ల నుంచి 11,098 కిలోమీటర్లకు చేరింది. నేల పెరగలేదు, వంపులను మరింత సూక్ష్మంగా కొలిచారు. తీరాన్ని రేఖగా భావించినంతకాలం కొలబద్ద మారితే పొడవు మారుతుందన్న సంగతి ఇందులో తెలుస్తుంది.

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991లో మొదటి తీర నియంత్రణ మండలి ప్రకటన వచ్చింది. 2011లో, 2019లో దాన్ని కొత్త రూపంలో జారీ చేశారు. వీటిలో రెండు అంశాలు దివిసీమకు నేరుగా వర్తిస్తాయి. నదులలో, ఉప్పుటేరులలో ఆటుపోట్ల ప్రభావం ఎంతదూరం ఉన్నదో నిర్ణయించడానికి 2011, 2019 ప్రకటనలు ఒక ప్రమాణం పెట్టాయి. సంవత్సరంలో అత్యంత పొడికాలంలో నీటి ఉప్పదనం వెయ్యింటికి అయిదు వంతులు ఉన్నచోటి వరకు ఆ ప్రభావాన్ని లెక్కించాలి. అంటే ఎగువ నుంచి మంచినీరు తగ్గినకొద్దీ ఉప్పునీరు ఎగబాకి, నియంత్రణ మండలి హద్దు కూడా పైకి జరుగుతుంది. నదినీ సముద్రాన్నీ కలిపి చూడక తప్పదని చట్టం తన నిర్వచనంలోనే అంగీకరించింది.

రెండవ అంశం దీవులకు సంబంధించినది. ప్రధానభూమికి దగ్గరగా ఉన్న దీవులకు నిర్మాణ నిషిద్ధ మేరను 2019 ప్రకటన 20 మీటర్లుగా నిర్ణయించింది. స్థలం తక్కువన్న కారణం చూపి, వాటికి సమీకృత ద్వీప నిర్వహణ ప్రణాళికలు తయారు కావాలని కూడా చెప్పింది. ఈ రెండూ ఒకే ఆలోచన నుంచి పుట్టినా వాటి ప్రభావం వేరు. మొదటిది మినహాయింపు, రెండవది బాధ్యత. ప్రణాళిక ముందుగా రావాలి, దాని వెలుగులో మినహాయింపును వాడుకోవాలి. క్రమం తిరగబడితే, కోత పడుతున్న ఒడ్డున 20 మీటర్ల మేర ఎంతకాలం మిగులుతుందన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

పరిపాలన విభజన ఈ చిక్కును మరింత పెంచింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత బ్యారేజి ఒక గట్టు ఎన్టీఆర్ జిల్లాలో, మరొక గట్టు గుంటూరు జిల్లాలో ఉన్నాయి. ఎదురుమొండి కృష్ణాజిల్లాలో ఉంది. 1989లో ప్రకటించిన, సుమారు 194 చదరపు కిలోమీటర్ల కృష్ణా అభయారణ్యం కృష్ణా, బాపట్ల జిల్లాలలో వ్యాపించి ఉంది. నీరు జలవనరుల శాఖది, మడ అడవి అటవీశాఖది, చేప మత్స్యశాఖది, భూమి రెవెన్యూశాఖది. ఇన్ని చేతులలో ఉన్నదాన్ని ఒక చేతికి అప్పగించాలని కోరడం అవాస్తవం. కనీసం ఒకే పత్రంలో ఒకదాని పక్కన ఒకటి రాయడం మాత్రం సాధ్యమే.

6. ఉప్పెన, మడ అడవి, చెరువు

1977 నవంబరు 19న సంభవించిన విపత్తును వాతావరణశాఖ పరిభాషలో తుపాను అంటారు. ప్రజలు ‘దివిసీమ ఉప్పెన’ అన్నారు. తుపాను గాలిని గుర్తుచేస్తుంది, ఉప్పెన నీటిని గుర్తుచేస్తుంది. ప్రాణాలను ఎక్కువగా బలిగొన్నది నీరే. సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రం ఊళ్ళ మీద పడింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు దాదాపు పదివేల మంది. సొర్లగొంది వంటి గ్రామాలలో కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తరువాత ఆశ్రయభవనాలు వచ్చాయి, హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడింది, ప్రాణనష్టం ఎంతో తగ్గింది. ఇది ప్రణాళిక సాధించిన విజయమే. అయితే భవనం మనిషిని కాపాడుతుంది కాని నేలను కాపాడదు.

నేలను కాపాడేది మడ అడవి. 1999 ఒడిశా పెనుతుపానులో, సముద్రానికీ ఊరికీ నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామాలలో మరణాలు తక్కువగా ఉన్నాయని కేంద్రపడ జిల్లాపై జరిగిన అధ్యయనం తేల్చింది. మడకు ఉప్పునీరు, మంచినీరు రెండూ కావాలి. మడలు నరికినచోట నేల కుంగి పళ్ళెంలా మారుతుంది, పోటునీరు అందులో నిలిచి ఎండి ఉప్పు పేరుకుంటుంది, మొక్క మొలవదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, స్థానిక గ్రామాలు కలిసి 1990ల చివర కృష్ణా, గోదావరి ముఖాలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఆటుపోట్ల నీరు లోపలికి వచ్చి పోయే ఏర్పాటు చేశాయి. మొక్క నాటడం కంటే ముందు నీటికి దారి ఇవ్వాలన్నది ఆ పని నేర్పిన పాఠం.

రొయ్యల చెరువు ఈ నేల మీద మూడవ హక్కుదారు. 1990ల తొలినాళ్ళలో విస్తరించిన టైగర్ రొయ్యల సాగు తెల్లమచ్చ తెగులుతో దెబ్బతిన్నది. 1996 డిసెంబరులో ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలిలో సంప్రదాయేతర రొయ్యల సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాసాగు ప్రాధికార చట్టం, 2023లో దానికి సవరణ వచ్చాయి. చెరువు వల్ల ఎందరో అప్పుల నుంచి బయటపడ్డారు, ఎందరో అప్పులలో పడ్డారు. చౌడు పక్క పొలానికి పాకినప్పుడు నష్టపోయేది చెరువు యజమాని ఒక్కడే కాదు. ఎగుమతి విలువగా ఒక వైపు మాత్రమే నమోదయ్యే లెక్కలో ఈ పక్క పొలం కనిపించదు. ముసాయిదాలోని మొదటి అంశమైన గణాంక చట్రానికి ఇదే గీటురాయి.

7. ద్వీపదేశాలతో పోలిక: ఉపయోగం, పరిమితి

సీషెల్స్ తన రుణంలో కొంతభాగాన్ని సముద్ర పరిరక్షణ హామీకి ముడిపెట్టి 2016లో ఒప్పందం చేసుకొంది. 2018లో నీలి బాండు జారీ చేసింది. 2020 నాటికి తన సముద్రంలో 30 శాతాన్ని రక్షితప్రాంతంగా ప్రకటించింది. మారిషస్ తెలుగు పరిశోధకులకు సుపరిచితం. 1990లో అక్కడ జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల తరువాత ఆ దీవిలోని తెలుగువారి వలస, భాష, పండుగల గురించి చాలా రాశారు. 2020లో ‘వకాషియో’ నౌక పగడపు దిబ్బకు తగిలి, సుమారు వెయ్యి టన్నుల చమురు ఆ దీవి తీరంలో పరచుకున్న ఘటన మాత్రం ఆ అధ్యయనాలలోకి రాలేదు. మచిలీపట్నం వద్ద కొత్త ఓడరేవు నిర్మాణం సాగుతున్న ఈ కాలంలో, దానికి దక్షిణాన ఉన్న మడ అడవులను తలచుకుంటే ఆ ఘటన దూరదేశపు వార్తగా అనిపించదు.

పోలికకు పరిమితి కూడా ఉంది. సీషెల్స్ ఒక సార్వభౌమ దేశం. అంతర్జాతీయ వేదికపై తన మాట తానే చెప్పుకోగలదు. ఎదురుమొండికి ఉన్నది ఒక గ్రామసభ. ఆ దేశాల ఆర్థిక పద్ధతులను ఇక్కడికి దింపుకోవడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. తీసుకోవలసినది వారి వాదనారీతి. ద్వీపవాసి సముద్రానికి బాధితుడు మాత్రమే కాక దాని సంరక్షకుడు, హక్కుదారు కూడా అన్నది వారు నిలబెట్టుకున్న మాట. ఈ మాటను దివిసీమకు అన్వయిస్తే వంతెన కోరికకూ మడ అడవి రక్షణకూ వైరుధ్యం లేదని తెలుస్తుంది. వంతెన అడిగేవారిని ప్రకృతికి శత్రువులుగా, అడవిని కాపాడేవారిని అభివృద్ధికి శత్రువులుగా చూపడం ప్రణాళిక చేయవలసిన పనిని తప్పించుకోవడమే. ప్రసవవేదనతో ఏరు దాటవలసిన స్త్రీకి వంతెన కావాలి. ఆమె బిడ్డ పెద్దయ్యేనాటికి వంతెనకు అవతల ఊరు మిగిలి ఉండడమూ కావాలి.

8. ముగింపు

దివిసీమ దీవులకు సంబంధించిన ఏ ప్రణాళికనైనా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఏ నెలలో ఎంత మంచినీరు సముద్రానికి చేరాలో అది చెబుతున్నదా? ఒడ్డు ఏటేటా ఎటు జరుగుతున్నదో నమోదు చేసి, ఆ కదలికకు తగినట్లు నిర్మాణాలను నిర్ణయిస్తున్నదా? చేప, రొయ్య, పీత వేటతో బతికే కుటుంబాల హక్కును ఎగుమతి అంకె పక్కన రాస్తున్నదా? వీటికి జవాబివ్వని పత్రంలో ‘సుస్థిర’ విశేషణం ఎన్నిసార్లు వచ్చినా దానివల్ల ప్రయోజనం తక్కువ.

తెలుగు శాఖలకు ఇందులో నిర్దిష్టమైన పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం రైతు మాటను శాస్త్రీయంగా సేకరించే మార్గం చూపింది. అదే పద్ధతిలో నదీముఖాల మాటలను, అంటే మొగ, పాయ, పర్ర, తిప్ప, దిబ్బ, గొంది, పోటు, పాటు వంటివాటిని స్థలంతోను, ఋతువుతోను జతచేసి సేకరిస్తే, అది నిఘంటువుకూ ఉపకరిస్తుంది, ద్వీప నిర్వహణ ప్రణాళికకూ ఉపకరిస్తుంది. ఏ దిబ్బ ఏ ఉప్పెనలో మునగలేదో, ఏ గొంది గుండా నీరు ముందుగా వస్తుందో తెలిసినవారు ఇంకా ఉన్నారు. ఉప్పెన నాటికి ఇరవై ఏళ్ళున్నవారు నేడు డెబ్బైకి చేరువలోనో, డెబ్బై దాటో ఉన్నారు. ఈ సేకరణకు మిగిలిన వ్యవధి ఎక్కువ కాదు.